ఈరోజు కరిగిన కొవ్వు

సోమవారం పొద్దున వచ్చేసరికి ఇస్త్రీ హాల్లో గోడల పైభాగాన తిరిగే నాలుగు పెద్ద ఫ్యాన్లూ ఆగిపోయి ఉన్నాయి. కరెంటు పోయిందేమో అనుకున్నారు ఆడవాళ్ళు. కాని ఆవిరి గొట్టాలు బుసకొడుతూనే ఉన్నాయి. పక్క హాల్లో ఉతికే డ్రమ్ములు తిరుగుతూనే ఉన్నాయి. అద్దాల గదిలో సూపర్వైజరు నెత్తిమీద ఏసీ ఎప్పటిలాగే చల్లగా ఊదుతూనే ఉంది. పోయిన కరెంటేదో ఫ్యాన్లకి మాత్రమే పోయినట్టుంది.

ఆస్పత్రుల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి పంపే లాండ్రీ అది. ఇస్త్రీ హాల్లో తొమ్మిది రోలర్లు, ఒక్కోదానికి ఇద్దరు ఆడవాళ్ళు. తడి దుప్పటి మూలలు చెరొకటీ పట్టుకుని, ఇద్దరూ ఒకేసారి రోలరు నోటికి అందించాలి. ఒకరి చెయ్యి ముందు, ఒకరిది వెనక అయిందా, దుప్పటి వంకరపోయి ముడతలు పడుతుంది. ఆరిన దుప్పటి కింద నుంచి తిరిగి వాళ్ళ వైపుకే వస్తుంది. అప్పుడు ఎదురెదురుగా నిలబడి, ఒక్క విదిలింపు విదిలించి, నడుచుకుంటూ వచ్చి మూలకి మూల కలపాలి. ఇందులో ఒంటరిగా చేసే పని ఒక్కటీ లేదు. అందుకే అక్కడ అందరినీ జంటగానే పిలుస్తారు.

నాలుగో రోలరు జంట రోలరక్కా, పుల్లా. పద్నాలుగేళ్ళుగా రోలరు దగ్గరే ఉంది కాబట్టి ఆమె రోలరక్క. మనిషి దిట్టం, నడుము వెడల్పు, చేతులు రోకళ్ళలా ఉంటాయి. ఈనెపుల్లలా ఉంటుంది కాబట్టి రెండోది పుల్ల. గట్టిగా దుప్పటి విదిలిస్తే ఎగిరిపోతుందని హాలంతా వేళాకోళం చేసేవాళ్ళు. పుల్ల కూడా నవ్వేది. "ఎగిరిపోకుండా అవతలి కొస మా అక్క పట్టుకుంటుందిగా" అనేది.

సూపర్వైజరు అద్దాల గదిలోంచి బయటికొచ్చి, చప్పట్లు కొట్టి అందరినీ కాటా దగ్గరికి పిలిచాడు. మురికి బట్టల మూటలు తూచే పెద్ద ఇనప కాటా అది. పలక మీద మనిషి నిలబడవచ్చు, ఎదురుగా గుండ్రటి అద్దంలో ముల్లు తిరుగుతుంది. అర్ధ కిలో కంటే తక్కువ దానికి పట్టదు.

"ఏంటలా పైకి చూస్తారు? ఫ్యాన్లు నేనే ఆపించాను" అన్నాడాయన. "డబ్బున్నవాళ్ళు చెమట పట్టించుకోడానికి తలుపులేసుకుని ఆవిరి గదుల్లో కూర్చుంటున్నారు. మీకు ఇక్కడ ఊరికే దొరుకుతుంటే ఫ్యాన్లేసి చెడగొట్టడమెందుకు? కాగితే వెన్న కరుగుతుంది. ఒళ్ళు కాగితే కొవ్వు కరుగుతుంది. కారేది చెమటనుకుంటున్నారు మీరు. అది కొవ్వు!"

ఆయన నమ్మే చెబుతున్నాడు, అదే వచ్చిన చిక్కు. ఆయన చొక్కా లోపల నడుముకి ఒక బెల్టుండేది. మీట నొక్కితే గుర్రుమంటూ పొట్టని కుదుపుతుంది. ఏడాదిగా కుదుపుతోంది. పొట్ట మాత్రం కొన్న రోజున ఎలా ఉందో అలాగే ఉంది. తాడిని తన్నేవాడు ఒకడుంటే వాడి తల తన్నేవాడు ఇంకొకడుంటాడు. ఈయన పైన కరెంటు బిల్లు చూసే పెద్దలున్నారు. ఈయన నమ్మకమూ వాళ్ళ బిల్లూ బాగానే కుదిరాయి.

ఇంకొక మాటా చెప్పాడు. బీమా వాళ్ళ షరతట. వేడి మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళు ఆరోగ్యంగా ఉండాలి. డెబ్బై కిలోల దాకా పచ్చ కార్డు, దాటితే ఎర్ర కార్డు. శుక్రవారం సాయంత్రం ఆఖరి తూకం. ఎర్ర కార్డు వచ్చినవాళ్ళు మురికి గదికి.

"మనిషి పొడుగు చూడరా సార్?" అంది వెనక నుంచి ఎవరో.

"పొడుగుతో ఏం పని? కాటాకి తెలిసేది బరువేగా."

మురికి గది అనగానే రోలరక్క తన నడుము వైపు చూసుకుంది. వార్డుల నుంచి వచ్చిన సంచులు విప్పి, నెత్తురూ చీమూ అంటినవి వేరుచేసే గది అది. దుప్పటి మడతల్లో ఎవరో మరిచిపోయిన సూదులు వస్తుంటాయి. కిందటేడు వేలికి సూది గుచ్చుకున్న ఒకామె ఇప్పటికీ నెల నెలా నెత్తురు పరీక్షకి వెళ్ళొస్తోంది. మొగుడు ఆమెకి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టాడని అందరికీ తెలుసు.

ఒక్కొక్కరే ఎక్కారు. రోలరక్క ఎక్కితే ముల్లు గిర్రున తిరిగి డెబ్బై మూడు దగ్గర వణికి ఆగింది. పుల్ల ఎక్కితే నలభై రెండు.

"చూశారా, ఆరోగ్యమంటే ఇదీ!" అని సూపర్వైజరు శుక్రవారం దాకా ఆగకుండా పుల్ల చేతిలో అప్పుడే పచ్చ కార్డు పెట్టేశాడు. ఒంట్లో ఎలా ఉందనీ, ఏం తింటున్నావనీ ఎవరూ అడగలేదు. సన్నగా ఉందిగా, ఇంక అడిగేదేముంది.

సాయంత్రం పని దిగిపోయే ముందు మళ్ళీ తూచారు. పొద్దుటి బరువులోంచి సాయంత్రం బరువు తీసేసి, అందరివీ కలిపి, గోడ మీది నల్ల బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాడాయన. 'ఈరోజు కరిగిన కొవ్వు: 21 కిలోలు.' ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. రోలరక్క ఒక్కతే కిలోన్నర తగ్గింది. ఇంటికెళ్తూ దారి పొడుగునా కొంగుతో ముఖం తుడుచుకుంటూ, ఇంతేనా, ఇంత సులువా అనుకుంది. దాహం వేసి ఇంట్లో అడుగుపెట్టగానే చెంబెడు నీళ్ళు ఎత్తి తాగింది.

మంగళవారం పొద్దున కాటా ఎక్కితే మళ్ళీ డెబ్బై మూడు.

అప్పుడామెకి అర్థమైంది. అర్థమైందనుకుంది. పగలంతా కరిగిన కొవ్వు, రాత్రి తాగిన నీళ్ళతో మళ్ళీ పేరుకుంటోంది. కిటుకంతా నీళ్ళలోనే ఉంది. రోలరు ఏ వేడి దగ్గర దుప్పటిని పట్టేస్తుందో చెయ్యి పెట్టి చెప్పగల మనిషి, లెక్కని సగం దాకా సరిగ్గానే చేసి, రెండో సగంలో బోర్లా పడింది.

బుధవారం పొద్దున కూతురు ఆమెని గచ్చు మీద వెల్లకిలా పడుకోబెట్టి, పాదాల మీద తను కూర్చుంది. కూతురు పదో తరగతి. ఫోనులో ఎవరో చెప్పారట, రోజూ యాభైసార్లు పడుకుని లేస్తే వారంలో పొట్ట పోతుందని.

"పొట్టతో చేస్తే పొట్ట దగ్గరే కరుగుతుందమ్మా. ఇంకో పది."

"రోజుకి ఎనిమిది వందల దుప్పట్లు ఎత్తుతానే నేను. అది చాలదూ?"

"అది పనమ్మా. వ్యాయామం వేరు."

గుమ్మంలో బూట్లు వేసుకుంటున్న మొగుడు తల ఎత్తకుండానే అన్నాడు. "వాడిన చోటల్లా కరిగేటట్టైతే ఈపాటికి మీ అమ్మ నోరు సూది బెజ్జమంత అవ్వాలి."

"వాడకుండా ఉంచితే పెరిగేటట్టైతే మీ నాన్న బుర్ర ఈ గుమ్మంలో పట్టకూడదు" అంది రోలరక్క పడుకునే. కూతురు పకపకా నవ్వింది. ఆమె నవ్వలేకపోయింది. నాలుక అంగిలికి అంటుకుపోయింది. కాళ్ళ పిక్కలు పట్టేస్తున్నాయి. పొయ్యి మీద నుంచి దింపిన టీ కూడా సగమే తాగి పక్కన పెట్టింది. గ్లాసులో మిగిలిన సగాన్ని మొగుడు కాసేపు చూశాడు. బూటు లేసు ముడేసుకున్నాడు. మురికి గది మాట ఆయనకీ తెలుసు.

హాల్లో దుప్పట్ల మూటలకి చుట్టొచ్చే ప్లాస్టిక్ కాగితాన్ని పుల్ల ఆమె నడుముకి నాలుగు చుట్లు చుట్టి టేపు వేసింది. ఇంకో రోలరామె చెప్పిన చిట్కా అది, చుట్టిన చోట కొవ్వు తొందరగా కరుగుతుందని. పుల్ల చుడుతూ చుడుతూ నవ్వు ఆపుకోలేకపోయింది.

"అక్కా, నిన్ను కూడా కట్టకట్టి వ్యానెక్కించేస్తారేమో చూసుకో."

"ఊరుకోవే. గట్టిగా లాగు."

నీళ్ళ సంగతి చెప్పాలి. ఇదివరకు నీళ్ళ డ్రమ్ము హాల్లోనే ఉండేది. నేల తడవుతోంది, వైర్లున్నాయి, ప్రమాదం అని కిందటి నెలలో దాన్ని గేటు దగ్గరికి మార్చారు. ప్రతి రోలరు పక్కనా మేకుకి ఒక ఇత్తడి బిళ్ళ వేలాడుతుంది. జంటకి ఒకటే బిళ్ళ. అది చేత్తో పట్టుకుని, రోలరు ఆపేసి, ఇద్దరూ కలిసి వెళ్ళి రావాలి. ఒకరు వెళ్ళి ఒకరు ఉంటే రోలరు ఎలాగూ నడవదు, ఆ ఆగేదేదో రెండుసార్లు ఎందుకు ఆగాలన్నది సూపర్వైజరు వాదన. రెండో జంటలో ఒకామె వయసులో పెద్దది, గంట గంటకీ బిళ్ళ తీసేది. నాలుగో రోలరు బిళ్ళ మాత్రం మంగళవారం నుంచి మేకు దిగలేదు.

పదకొండు గంటలకి, దుప్పటి అందిస్తూ పుల్ల అడిగింది. "అక్కా, ఒకసారి బిళ్ళ తీద్దామా?"

"శుక్రవారం దాకా ఓర్చుకోవే తల్లీ."

"నువ్వు తాగకు. ఊరికే నాతో రా. నేనొక గ్లాసు తాగి వచ్చేస్తా."

రోలరక్క దుప్పటి మూల సరిచేసుకుంది. "అక్కడిదాకా వచ్చి, ఆ కుళాయి చప్పుడు విన్నాక నేనాగలేనే. నా సంగతి నాకు తెలుసు. ఒక్క మూడ్రోజులు. మధ్యాహ్నం అన్నం డబ్బాల దగ్గర తాగుదువుగానిలే."

"సర్లే" అంది పుల్ల. అంతే. మూతి ముడవలేదు, మళ్ళీ అడగలేదు. తర్వాతి దుప్పటి అందుకుంది. ఆ 'సర్లే'ని రోలరక్క తర్వాత ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు.

ఆ సాయంత్రం తూకంలో అందరినీ మించింది పుల్లే. పొద్దున నలభై రెండు, సాయంత్రం నలభై. రెండు కిలోలు! సూపర్వైజరు బోర్డు మీద ముప్పై ఒకటి రాసి, పుల్ల వైపు తిరిగి తనే చప్పట్లు మొదలుపెట్టాడు. హాలంతా కొట్టింది. పుల్ల సిగ్గుపడి, పలక మీద నుంచి దిగుతూ తూలి, కాటా కమ్మీ పట్టుకుంది. నలభై రెండు కిలోల మనిషిలో రెండు కిలోల కొవ్వు ఎక్కడిది? ఆ ప్రశ్న రోలరక్క గొంతు దాకా వచ్చింది. అంతలో తన వంతు వచ్చి ఎక్కితే ముల్లు డెబ్బైన్నర దగ్గర ఆగింది. ఇంకో అర్ధ కిలో పోతే చాలు. ఆ సంతోషంలో ప్రశ్నని మింగేసింది. మనసు అంత నీచానికి దిగుతుందని ఆమెకి అంతకు ముందు తెలియదు.

గురువారం ఆస్పత్రిలో దుప్పట్లు కొరత పడ్డాయి. తెల్లారేసరికే రెండు వ్యాన్లు అదనంగా వచ్చి ఉన్నాయి. మధ్యాహ్నం డబ్బాలకి గేటు దగ్గరి గదికి వెళ్ళకుండా, రోలరు దగ్గరే నిలబడి పది నిమిషాల్లో తినేయమన్నారు. పుల్ల రెండు ముద్దలు మింగి, దిగడం లేదని డబ్బా మూసేసింది. రోలరక్క అసలు తెరవలేదు. హాలంతా ఆవిరి కమ్మి, నాలుగు అడుగుల అవతల మనుషులు మసకగా కనిపిస్తున్నారు. ఆమె నడుముకి చుట్టిన ప్లాస్టిక్ లోపల చెమట కాళ్ళ మీదుగా కారి చెప్పుల్లోకి చేరుతోంది.

మూడు దాటాక పుల్ల చెయ్యి ఆలస్యం కావడం మొదలైంది. దుప్పటి ఒకటి వంకరపోయింది, ఆ వెంటనే ఇంకొకటి.

"ఏమే, నిద్రపోతున్నావా?"

పుల్ల నవ్వింది. ముఖం ఎర్రగా, పొడిగా ఉంది. అందరి ముఖాలూ తడిసి కారుతుంటే ఆ ఒక్క ముఖమే పొడిగా ఎందుకుందో రోలరక్క ఆలోచించలేదు. చెమట ఆగిందంటే కొంచెం చల్లబడింది కాబోలు అనుకుంది. ఇద్దరూ మడతకి ఎదురెదురుగా నిలబడ్డారు. విదిలించారు. రోలరక్క నాలుగడుగులు ముందుకి వచ్చింది. పుల్ల ముందుకి రాకుండా వెనక్కి నడిచింది. దుప్పటి బిగుసుకుంది.

"ఇటు రావే, ఎటు పోతున్నావ్?"

"అమ్మ పిలుస్తోంది" అంది పుల్ల స్పష్టంగా. "తలుపు తీసే ఉంది కదా."

పుల్లకి అలవాటైన వేళాకోళమే అనుకుని రోలరక్క దుప్పటిని చిన్నగా తన వైపు లాగింది. పుల్ల దుప్పటితో పాటే వచ్చి, మోకాళ్ళ మీద పడి, మడతపెట్టిన దుప్పట్ల దొంతి మీదికి పక్కకి ఒరిగింది.

రోలరక్క ఎర్ర తాడు లాగి మిషను ఆపింది. పుల్ల మెడ కింద చెయ్యి పెడితే, అప్పుడే రోలరు కింద నుంచి వచ్చిన బట్టని ముట్టుకున్నట్టుంది. ఎవరి సాయమూ అడగలేదు. ఆ రోకళ్ళ లాంటి చేతులతో మనిషిని ఎత్తుకుని గేటు దాకా పరుగెత్తింది. డ్రమ్ములో నీళ్ళు గ్లాసులతో, చేతులతో పుల్ల తల మీద, ఒంటి మీద పోసింది. నోట్లో పోస్తే పెదాల పక్క నుంచి జారిపోయాయి. అంబులెన్సు కోసం ఆగకుండా దుప్పట్ల వ్యానులోనే ఎక్కించారు. ఇస్త్రీ చేసిన దుప్పట్ల మధ్య, రోలరక్క ఒళ్ళో తల పెట్టుకుని, పుల్ల ఆస్పత్రికి వెళ్ళింది.

అక్కడ ఆమెని మంచం మీద పడుకోబెట్టి ఐసు గడ్డలు పెట్టారు. చేతికి సూది గుచ్చి సెలైను ఎక్కించారు. మంచం మీది దుప్పటి తమ లాండ్రీదే. మూల దగ్గర చిన్న మడత లోపలికి తిప్పి ఉంది, నాలుగో రోలరు గుర్తు. మొన్నో నిన్నో తామిద్దరూ మడిచిందే.

నర్సు కాగితం పట్టుకుని అడిగింది. "పొద్దుటి నుంచి ఎన్ని నీళ్ళు తాగింది?"

"తాగలేదు."

"అంత వేడిలో? ఎందుకు తాగలేదు?"

"నేను తాగలేదమ్మా. మాది జంట. ఒకళ్ళు వెళ్ళకపోతే రెండోవాళ్ళు వెళ్ళడానికి లేదు."

నర్సు కాగితం మీద నుంచి తల ఎత్తి ఆమెని చూసింది. "జంట ఏంటమ్మా? దాహం జంటగా వేస్తుందా?"

రోలరక్క ఎక్కడో చూస్తూ బోర్డు గురించి, కార్డుల గురించి, బరువు గురించి చెప్పింది. ప్లాస్టిక్ కాగితం గురించి చెబుతుంటే సిగ్గేసింది. చివరికి, నిన్న మింగేసిన ప్రశ్న అడిగింది. "నలభై రెండు కిలోల మనిషికి రెండు కిలోల కొవ్వు ఎలా కరిగిందమ్మా?"

"కొవ్వెక్కడ కరిగింది? పోయింది నీళ్ళూ ఉప్పూ" అంది నర్సు, చేసే పని ఆపకుండా. "చెమటలో కొవ్వు రాదు. తాగితే ఆ బరువు మళ్ళీ వచ్చేస్తుంది. తాగకపోతే ఇదిగో, ఇలా అవుతుంది. పాపం ఈ పిల్లకి కిడ్నీలు ఆగిపోయేట్టున్నాయి."

రోలరక్క బల్ల మీద కూలబడింది. ఇరవై ఒకటి. ముప్పై ఒకటి. వాటికేనా తాము చప్పట్లు కొట్టింది? చెంబుల కొద్దీ నీళ్ళు నేల మీద పారబోసి, ఎంత పారబోశామో బోర్డు మీద రాసుకున్నారు.

చీకటి పడే వేళకి పుల్ల కళ్ళు తెరిచింది. చాలాసేపు వెతుక్కుని రోలరక్క ముఖం పట్టుకుంది. పెదాలు కదిపితే ఆమె వంగి చెవి దగ్గర పెట్టింది.

"అక్కా, నీ కార్డు పచ్చదేనా?"

ఆ మాటకి రోలరక్క మూడ్రోజుల్లో మొదటిసారి ఏడ్చింది. కన్నీళ్ళు కూడా సరిగా రాలేదు. ఇంటికెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు ముంచి నోటి దాకా తెచ్చి, దించేసింది. పచ్చ కార్డు కోసం దించిందో, తనకి తనే శిక్ష వేసుకుందో ఆమెకే తెలియదు. రెండూ కొంచెం కొంచెం ఉండి ఉంటాయి.

శుక్రవారం నాలుగో రోలరుకి కొత్త జంటగా ఒక చిన్నపిల్లని పంపారు. పనిలో చేరి నెల కూడా కాలేదు. రోలరక్క మొదట బిళ్ళ తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. "నువ్వెళ్ళి తాగిరా. గంట గంటకీ వెళ్ళు. వచ్చేటప్పుడు ఈ క్యాను నింపుకురా."

"మీరు రారా అక్కా? ఇద్దరం వెళ్ళాలన్నారు."

"మిషను ఆపి ఇక్కడే నిలబడతాను. అడిగితే నా పేరు చెప్పు."

సూపర్వైజరు రెండుసార్లు వచ్చి అరిచి వెళ్ళాడు. ఆమె ఎదురు చెప్పలేదు, మిషనూ నడపలేదు. రోజంతా ఇద్దరి మధ్యా దుప్పటి వంకరగానే పోయింది. పద్నాలుగేళ్ళ చేతికి నెల రోజుల చెయ్యి అందలేదు.

సాయంత్రం ఆఖరి తూకం. ఆమె పలక ఎక్కింది. ముల్లు అరవై తొమ్మిదిన్నర దగ్గర ఆగింది.

"శభాష్! నాలుగు రోజుల్లో మూడున్నర కిలోలు" అని సూపర్వైజరు పచ్చ కార్డు మీద సంతకం చేసి ఆమెకి అందించాడు. ఆమె తీసుకుంది. దిగింది. ఒక మూలకి వెళ్ళి నిలబడింది. కార్డు అరచేతిలో నున్నగా ఉంది. ఆ క్షణాన ఆమె ఇంకేమీ చెయ్యదలచుకోలేదు. రోలరు మిగిలింది, సూదుల గది తప్పింది, ఇంటికి వెళ్ళి నీళ్ళు తాగి పడుకోవచ్చు.

రెండో జంట పెద్దామె అడిగింది. "సార్, పుల్ల సంగతేంటి? ఆస్పత్రి ఖర్చు మనవాళ్ళు చూస్తారా?"

"మనకేం సంబంధం?" అన్నాడాయన కార్డులు సర్దుకుంటూ. "ఆమెది సోమవారమే పచ్చ కార్డు. ఆరోగ్యంగా ఉందని మన దగ్గర కాగితముంది. ఇంటి దగ్గర సరిగా తినకపోతే మనమేం చేస్తాం? అయినా ఇన్నాళ్ళూ ఇదే హాల్లో ఉన్న రోలరక్కకి ఏమీ కాలేదుగా. చూడండి, ఇంకా నయమైంది."

అందరూ ఆమె వైపు తిరిగారు. చేతిలో పచ్చ కార్డుతో ఆమె నిలబడి ఉంది. ఆ కార్డే సాక్ష్యం. పుల్ల పడిపోవడం పుల్ల తప్పేననడానికి తననే సాక్షిగా నిలబెడుతున్నారు.

రోలరక్క వెనక్కి వచ్చి మళ్ళీ పలక ఎక్కింది. ముల్లు అరవై తొమ్మిదిన్నర. కొత్త పిల్ల వైపు చెయ్యి చాచింది. "ఆ క్యానులోంచి ఒక గ్లాసు పొయ్యి."

పిల్ల పోసి అందించింది. ఆమె ఆగకుండా తాగి, ఖాళీ గ్లాసు తిరిగి ఇచ్చింది. "ఇంకోటి." మొదటి గ్లాసు గొంతులో మంటగా దిగింది, రెండోది దిగుతున్న సంగతి కూడా తెలియలేదు. గ్లాసు తిరిగి ఇచ్చేసరికి ముల్లు కదిలి డెబ్బై దగ్గర నిలబడింది.

"ఏం చేస్తున్నావ్? దిగు" అన్నాడు సూపర్వైజరు.

"తూకం చూపిస్తున్నాను సార్." మూడో గ్లాసు తాగింది. నాలుగోది తాగింది. ముల్లు డెబ్బైన్నరకి వచ్చింది. పద్దెనిమిది మంది కళ్ళూ ఆ అద్దం మీదే ఉన్నాయి.

"నాలుగు గ్లాసుల్లో ఒక కిలో కొవ్వు పెట్టాను చూశారా" అంది ఆమె, మూతి తుడుచుకుని. "ఈ బోర్డు మీద నాలుగు రోజులుగా మీరు రాసింది ఇదే సార్. నీళ్ళు. పుల్ల ఒంట్లోంచి రెండు కిలోల నీళ్ళు పోతే మనమంతా చప్పట్లు కొట్టాం. మీరు బిళ్ళ పెట్టారు. నేను ఆ బిళ్ళ తియ్యలేదు. ఆ పిల్ల అడిగినా తియ్యలేదు."

ఆఖరి మాటలు ఆమె ఆడవాళ్ళ వైపు తిరిగి అనేసింది.

సూపర్వైజరు ముఖం కందగడ్డలా అయింది. చొక్కా లోపల బెల్టు గుర్రుమంటూనే ఉంది, రోలర్లు ఆగి ఉన్నాయి కాబట్టి అందరికీ వినిపించింది. ఆయన పచ్చ కార్డు లాక్కుని, ఎర్ర కార్డు తీసి సంతకం గీకాడు. "డెబ్బైన్నర. నీ చేతులారా చేసుకున్నావు."

"అవును" అంది ఆమె.

ఆమె వెనక వరసలో ఉన్నామె పలక ఎక్కాలి. ఎక్కలేదు. కొత్త పిల్ల వైపు తిరిగి మెల్లగా అడిగింది. "అందులో ఇంకా ఉన్నాయా?"

ఇంత జరిగాక ఫ్యాన్లు తిరిగాయా అంటే, తిరగలేదు. శనివారం పొద్దున బోర్డు మీద అంకె మాత్రం ఎవరో తడిగుడ్డతో తుడిచేశారు. తొమ్మిది బిళ్ళలూ మేకుల మీద లేవు. ఎవరు తీశారని సూపర్వైజరు అడిగితే ఎవరూ చెప్పలేదు. నీళ్ళకి ఎవరికి దాహం వేస్తే వాళ్ళు వెళ్ళారు. రోలరక్క ఆ రోజు మందపాటి రబ్బరు తొడుగులు వేసుకుని, మురికి గదిలో మొదటి సంచి విప్పింది. దుప్పటిని ఒక్కసారిగా విదిలించే అలవాటు చేతుల్లోంచి పోలేదు. పక్కనున్నామె చెయ్యి పట్టుకుని ఆపింది. ఇక్కడ మడత మడతా నెమ్మదిగా విప్పాలి, సూదులుంటాయి.

ఆదివారం ఆమె ఆస్పత్రికి వెళ్ళింది. పుల్ల తల్లి మంచం పక్కన కూర్చుని ఉంది. రెండు రోజులుగా అన్నం ముట్టని ముఖంలో ఆ పూట కొంచెం వెలుగు కనిపించింది.

"రా తల్లీ, రా. చూడు మా అమ్మాయిని. మూడ్రోజులు పడుకునేసరికి ఎలా ఒళ్ళు చేసిందో! ఇన్నేళ్ళలో దీని బుగ్గలు ఇలా నిండగా చూడలేదు. పొద్దున తూచారు, నలభై ఆరున్నర!"

పుల్ల ముఖం నిజంగానే నిండుగా ఉంది. కళ్ళ కింద ఉబ్బింది, వేళ్ళు బొద్దుగా ఉన్నాయి, పాదాలు మెరుస్తున్నాయి. పాదం మీద రోలరక్క బొటనవేలు పెట్టి తీస్తే అక్కడ గుంట పడి అలాగే ఉండిపోయింది. మంచం కింద వేలాడే మూత్రం సంచీ ఖాళీగా ఉంది. గోడకి నర్సు రాసి అంటించిన కాగితం మీద, రోజంతటికీ ఎన్ని నీళ్ళు ఇవ్వాలో రాసి ఉంది. రెండు గ్లాసులు.

"అక్కా" అంది పుల్ల. గొంతు పీలగా వచ్చింది. "ఇక నన్ను పుల్ల అనడానికి లేదు."

"లేదు" అంది రోలరక్క.

"కార్డు?"

"పచ్చదే."

పుల్ల తృప్తిగా కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి, బల్ల మీది గ్లాసు వైపు చూసింది. "దాహంగా ఉందక్కా."

తల్లి లేవబోయింది. నీళ్ళు కొలిచే ఇవ్వాలని నర్సు చెప్పిన మాట ఇంకా ఆమెకి ఎక్కలేదు. దాహమంటే పోయడం తప్ప వేరే ఎరగని మనిషి. రోలరక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. గ్లాసు పక్కనున్న చిన్న కొలత మూత తీసుకుని, గీత దాకా నీళ్ళు పోసి, కంటి ఎత్తుకి లేపి చూసి, గీత పైన ఉన్న రెండు చుక్కలు వెనక్కి ఒంపింది. పుల్ల తల కింద చెయ్యి పెట్టి లేపి, మూత ఆమె పెదాలకి ఆనించింది.

పుల్ల తాగి, ఇంకా ఉందేమోనని మూత అడుగు నాకింది.

"ఇంకొంచెం అక్కా."

"సాయంత్రం దాకా ఓర్చుకోవే తల్లీ" అంది రోలరక్క.

"సర్లే" అంది పుల్ల.